బొద్దింకకి ఎంత ఇల్లు కావాలి?

బెల్జియం, ఫ్రాన్స్ దేశాల పరిశోధకులు కొందరు 2006లో ఒక ప్రయోగం వివరాలు ప్రచురించారు. ఒక పెద్ద పళ్లెంలో 50 జర్మన్ బొద్దింకల్ని వదిలారు. వెలుతురు పడకుండా దాక్కోవడానికి మూడు గూళ్లు పెట్టారు. ఒక్కో గూట్లో 40 పడతాయి. మన లెక్కలో అయితే మొదటి గూడు నిండాక మిగిలిన పది పక్కదాంట్లోకి పోవాలి, లేదా మూడు గూళ్లూ సమానంగా పంచుకోవాలి. బొద్దింకలు ఆ రెండూ చెయ్యలేదు. ఇరవై అయిదు ఒక గూట్లో, ఇరవై అయిదు ఇంకో గూట్లో సర్దుకున్నాయి. మూడో గూడు ఖాళీ. యాభైకి మించి పట్టేంత పెద్ద గూళ్లు పెట్టి చూస్తే అన్నీ కలిసి ఒక్కదాంట్లోకే చేరాయి, రెండు గూళ్లు ఖాళీగా వదిలేసి.

స్థలం ఉంది కదా అని విడివిడిగా పరుచుకోవడం బొద్దింకకి తెలియదు. చోటు చాలినంతవరకూ గుంపుగానే ఉంటుంది. చాలకపోతేనే చీలుతుంది, అది కూడా సమంగా చీలుతుంది. వాటిని పెంచుకునేవాళ్లకి ఇంతకంటే పనికొచ్చే ప్రయోగం ఇంకొకటి లేదు.

పెంచుకునేవాళ్లా? ఉన్నారు. అమెరికా, యూరప్, జపాన్‌లలో బొద్దింకల పెంపకం ఎప్పట్నుంచో ఉన్న సరదా. మన దగ్గర బైపీసీ చదివినవాళ్లకి బొద్దింక అంటే మైనం పోసిన ట్రేలో గుండుసూదులు గుచ్చుకుని బోర్లా పడి ఉన్న ప్రాణి. మిగిలినవాళ్లకి చెప్పు అందుకోవాల్సిన సందర్భం. అక్కడి బడుల్లో తరగతి గదుల్లోనే గాజు తొట్టెల్లో పెట్టి పిల్లల చేతికిస్తారు. న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జూ అయితే ప్రేమికుల రోజుకి చందా కట్టినవాళ్ల ప్రియమైనవారి పేరు ఒక బొద్దింకకి పెడుతుంది. అసహ్యించుకునేవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది: ప్రపంచంలో నాలుగున్నర వేలకు పైగా బొద్దింక జాతులుంటే, మన ఇళ్లల్లో దూరి బాధపెట్టేవి ముప్పై జాతులు కూడా ఉండవేమో. మిగతావన్నీ అడవుల్లో ఎండుటాకులు, పుచ్చిన దుంగలు తిని మట్టి చేస్తూ బతుకుతాయి.

పెంపకంలో అన్నిటికంటే ముందు నిలిచేది మడగాస్కర్ బుస బొద్దింక. ఆ దీవిలోని వానడవుల్లో నేల మీద, కుళ్లిన దుంగల సందుల్లో ఉంటుంది. రెక్కలు ఉండవు. రెండు మూడు అంగుళాల పొడవు, చెక్కకి మెరుగు పెట్టినట్టుండే గోధుమ రంగు ఒళ్లు. పట్టుకుంటే పొట్ట మీది నాలుగో ఖండంలో ఉన్న శ్వాసరంధ్రాల్లోంచి గాలిని బలంగా వదులుతూ బుస కొడుతుంది. కరవదు, ఎగరదు, పరిగెత్తదు. కొత్తగా పెంచేవాళ్లకి ఇంతకంటే నెమ్మదస్థురాలు దొరకదు. ఈ వ్యాసంలో చాలావరకూ దాని ఇంటి గురించే మాట్లాడుకుందాం.

దుకాణంలో మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఎన్ని లీటర్ల తొట్టి కావాలి? చేపలకి అడగాల్సిన ప్రశ్న అది. చేప నీళ్లలో అన్ని వైపులకీ ఈదుతుంది, ఆ నీళ్లలోనే ఊపిరి తీస్తుంది, అందులోనే విసర్జిస్తుంది; దానికి లీటర్లే ప్రాణం. బొద్దింక గాలిలో వేలాడదు. దానికి కాళ్ల కింద ఒక తలం కావాలి, వీలైతే వీపుకి తగిలేలా ఇంకో తలం కావాలి. తొట్టిలో మధ్యనున్న ఖాళీ గాలి దానికి దాదాపు లేనట్టే లెక్క.

అంకెల్లో చూద్దాం. అమెరికాలో ఎక్కువమంది వాడేది పది గ్యాలన్ల గాజు తొట్టి. సుమారు 50 సెంటీమీటర్ల పొడవు, 25 వెడల్పు, 30 ఎత్తు. దగ్గర దగ్గర 38 లీటర్లు. దాని అడుగు విస్తీర్ణం 1250 చదరపు సెంటీమీటర్లు. నాలుగు గోడలూ కలిపి 4500 ఉంటాయి, కానీ వెలుతురు పడే గాజు గోడ రాత్రి తిరగడానికి పనికొస్తుంది తప్ప పగలు దాక్కోవడానికి పనికిరాదు. ఇప్పుడు కోడిగుడ్ల అట్టలు ఐదు తెచ్చి, 25 సెంటీమీటర్ల చదరాలుగా కోసి, లోపల నిలువుగా నిలబెట్టండి. ఒక్కో అట్టకి రెండు వైపులూ కలిపి 1250. అంటే ప్రతి అట్టా ఇంకో అడుగుభాగాన్ని చేర్చినట్టే. ఐదింటికి 6250. అట్ట మీది గుంతలూ బొడిపెలూ లెక్కలోకి తీసుకోలేదు, అవి కూడా కలిపితే ఇంకా ఎక్కువే. లీటర్లు మాత్రం 38 దగ్గరే ఉన్నాయి. స్లీపర్ బోగీలోంచి బెర్తులన్నీ పీకేస్తే ఎంతమంది పడుకోగలరో ఆలోచించండి. బోగీ పొడవు, ఎత్తు మారలేదు కదా అంటే ఏ ప్రయాణికుడూ ఒప్పుకోడు.

అట్టల్ని పడుకోబెట్టకుండా నిలబెట్టమనడానికి ఇంకో కారణం ఉంది. నిలువుగా ఉంటే పెంటికలు కిందికి రాలిపోతాయి. పడుకోబెడితే ప్రతి గుంతా ఒక చెత్తకుండీ అవుతుంది. బుస బొద్దింకకి కాస్త తేమ కావాలి కాబట్టి అట్ట నాలుగు నెలల్లో మెత్తబడి బూజు పట్టొచ్చు. పాశ్చాత్య దేశాల్లో దానికి బదులు కార్క్ చెట్టు బెరడు వాడతారు. మన వైపు అయితే ఎండిన కొబ్బరి చిప్పలు, చెట్టు బెరడు ముక్కలు సరిపోతాయి. పురుగుమందు కొట్టిన చెట్టుది మాత్రం కాకూడదు.

సందు ఎంత వెడల్పు ఉండాలన్నది అసలు శాస్త్రం. శరీరానికి పైనా కిందా ఏదో ఒకటి తగులుతుంటేనే బొద్దింక నిశ్చింతగా ఉంటుంది. తగిలేది ఏమీ లేకపోతే కంగారుగా గోడ వెంబడి తిరుగుతుంది. మన వంటింట్లో కనిపించే చిన్న జర్మన్ బొద్దింకల్లో పెద్దవి దాదాపు 5 మిల్లీమీటర్ల సందుని ఎంచుకుంటాయి, పిల్లలు ఇంకా ఇరుకైనదాన్ని. ఇరుకులో దూరడంలో వీటి సామర్థ్యం ఎంతో 2016లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీ శాఖలో కౌశిక్ జయరామ్, రాబర్ట్ ఫుల్ కొలిచి చూపించారు. నిలబడితే 12 మిల్లీమీటర్ల ఎత్తుండే అమెరికన్ బొద్దింక, ఒళ్లు అణచుకుని 3 మిల్లీమీటర్ల సందులోంచి సెకను లోపే దూరిపోయింది. తన బరువుకి 900 రెట్లు బరువు మీద పెట్టినా దానికి గాయం కాలేదు. ఆ కదలికని చూసి వాళ్లు ఒక చిన్న రోబోని కూడా తయారుచేశారు, కూలిన భవనాల కింద మనుషుల్ని వెతికేందుకు పనికొస్తుందన్న ఆలోచనతో.

దీన్నిబట్టి పెంచేవాళ్లకి రెండు జాగ్రత్తలు. తొట్టిలో అన్ని సందులూ ఒకే కొలతలో ఉండకూడదు. పెద్దవాటికి వేలు దూరేంత, పిల్లలకి అట్టల మడతలంత, రకరకాలుగా ఉండాలి. రెండోది, మూత సంగతి. పెద్దది దూరలేని సందులోంచి అప్పుడే పుట్టిన పిల్ల సులువుగా బయటపడుతుంది. గాలి కోసం మూతకి పెట్టే జాలీ దోమతెరంత సన్నగా ఉండాలి.

ఎత్తు గురించి వచ్చే సందేహాలు జాతిని బట్టి మారతాయి. బుస బొద్దింక పాదాల్లో అంటుకునే మెత్తలుంటాయి, నున్నటి గాజు మీద నిట్టనిలువుగా ఎక్కేస్తుంది. అందుకే తొట్టి పైఅంచు లోపలివైపు రెండంగుళాల వెడల్పున వాసెలిన్ పట్టీ పూస్తారు. ఆ పట్టీ పనిచేయాలంటే అట్టలకీ మూతకీ మధ్య ఖాళీ ఉండాలి. అట్ట కొస మూతకి తగిలితే పట్టీ పూసీ ప్రయోజనం లేదు, అవి అట్ట మీదుగా నడిచి వెళ్లిపోతాయి. కాబట్టి 30 సెంటీమీటర్ల ఎత్తు తొట్టిలో పైన ఒక ఐదు సెంటీమీటర్లు కాపలాకి పోయినట్టే అనుకోవాలి. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన డూబియా బొద్దింకకి ఆ బాధ లేదు. అది నున్నటి గోడ ఎక్కలేదు. బల్లి జాతి పెంపుడు జంతువులకి మేతగా దాన్నే వేలకొద్దీ పెంచడానికి అదొక ముఖ్య కారణం. రెక్కలున్న పెద్ద జాతులకి మాత్రం ఎత్తు నిజంగానే అవసరం. అవి చివరిసారి కుబుసం విడిచేటప్పుడు కొత్త రెక్కలు విప్పి ఆరబెట్టుకోవాలి. వేలాడే చోటు లేక రెక్క దేనికైనా ఆనుకుంటే ముడతపడి అలాగే గట్టిపడుతుంది, మళ్లీ సరికాదు.

నేలలో బతికే జాతుల విషయంలో పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ వెనక్కి వెళ్లి లోతు ముందుకొస్తుంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఉండే ఖడ్గమృగ బొద్దింక ప్రపంచంలోని బొద్దింకలన్నిట్లోకీ బరువైనది. 30 గ్రాములు దాటుతుంది. మట్టిలో మీటరు లోతు దాకా సొరంగం తవ్వుకుని, రాత్రిళ్లు బయటికొచ్చి రాలిన యూకలిప్టస్ ఆకుల్ని లోపలికి లాక్కెళ్లి తింటుంది. తల్లి ఆ సొరంగంలోనే నెలల తరబడి పిల్లల్ని సాకుతుంది. ఆయుష్షు పదేళ్ల దాకా ఉండొచ్చు. దీనికి పొడవాటి తొట్టి కొని అడుగున రెండంగుళాల మట్టి పోస్తే తొట్టి పెద్దదే గానీ ఇల్లు లేనట్టే. చిన్న తొట్టి అయినా సరే, జానెడుకి తగ్గకుండా గట్టిగా అణిచిన మట్టి ఉండాలి.

మన సొంత జాతి ఒకటి కూడా ఈ కోవలోదే. దక్షిణ భారతంలో చిట్టడవుల నేల మీద డామినో బొద్దింక తిరుగుతుంది. నల్లటి గుండ్రటి ఒళ్లు, దాని మీద ఏడు తెల్లని చుక్కలు. బొద్దింక అంటే నమ్మరు. చూడ్డానికి ఘాటైన రసాయనం చిమ్మే ఒక నేలపెంకు పురుగులా ఉంటుంది, ఆ పోలికే దాన్ని పక్షుల నుంచి కాపాడుతుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. 1758లోనే లిన్నేయస్ దానికి శాస్త్రీయ నామం పెట్టాడు, లండన్‌లో మందుల వ్యాపారం చేస్తూ దేశదేశాల పురుగుల్ని సేకరించిన జేమ్స్ పెటివర్ పేరు మీదుగా. మన అడవి పురుగుని ఇవాళ యూరప్‌లో డబ్బాల్లో పెట్టి అమ్ముతున్నారు, మనకి మాత్రం అది ఉన్నట్టే తెలియదు. దాని జీవితంలో ఎక్కువ కాలం పిల్లదశలో, ఆకుకుళ్లు కలిసిన మట్టి లోపలే గడుస్తుంది. బయటికొచ్చి చుక్కలు చూపించేది చివర్లో కొద్ది నెలలే. అందుకని దానికి కూడా లోతే లెక్క, నాలుగంగుళాల ఆకుమట్టి. కనిపించింది కదా అని అభయారణ్యం నుంచి తెచ్చుకోవడం మాత్రం చట్టరీత్యా నేరం.

సరే, ఎలాగూ చోటు కావాలి కదా, అన్నిటికంటే పెద్ద తొట్టి కొనేస్తే గొడవ వదిలిపోతుందనుకుంటాం. కుక్కకి, పిల్లికి ఆ తర్కం సరిపోతుంది. బొద్దింకకి పూర్తిగా సరిపోదు. ఒకటి రెండు బొద్దింకల్ని బీరువా అంత పెట్టెలో వదిలితే అవి ఒక మూల పట్టుకుని కూర్చుంటాయి. తేమ నిలబెట్టడం కష్టమవుతుంది. బుస బొద్దింకకి 25 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం, ఒక వైపైనా చెమ్మ కావాలి. పెద్ద పెట్టెకి పైనంతా జాలీ ఉంటే మన కోస్తా గాలిలో పర్వాలేదేమో గానీ, మే నెల తెలంగాణ వడగాడ్పులో ఒక్క పూటలో ఎండిపోతుంది. ఎండిన గాలిలో కుబుసం సరిగా ఊడదు, ఊడనిది కాలికో మీసానికో చుట్టుకుని ప్రాణం మీదికి తెస్తుంది. మరీ చిన్న డబ్బాది ఇంకో రకం ప్రమాదం: కిటికీ ఎండ కాసేపు పడితే చాలు, లోపల ఉడికిపోతుంది. పాతిక నుంచి నలభై లీటర్ల మధ్య తొట్టిలో ఈ రెండు ప్రమాదాలూ తక్కువ. ఒక మూల చెమ్మగా, ఇంకో మూల పొడిగా ఉంచడానికి ఆ పొడవు చాలు. ఎక్కడుండాలో బొద్దింకే తేల్చుకుంటుంది.

ఒంటరితనం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఫ్రాన్స్‌లోని రెన్ విశ్వవిద్యాలయంలో మాథ్యూ లిహోరో, కొలెట్ రివో జర్మన్ బొద్దింక పిల్లల్ని గమనించారు. ఒంటరిగా పెంచినవి తోటివాటితో పెరిగినవాటి కంటే నెమ్మదిగా ఎదిగాయి. చూపు, వాసన కంటే ఒంటికి ఒళ్లు తగలడం, మీసం మీసం రాసుకోవడం ఆ ఎదుగుదలకి ముఖ్యమని 2008లో ప్రకటించారు. అది జర్మన్ జాతి మీద జరిగిన పని. బుస బొద్దింకకి అచ్చం అంతే అని చెప్పేయకూడదు. అయినా గుంపుగా బతికే ఏ జాతినైనా ఒక్కదాన్ని తెచ్చి విశాలమైన పెట్టెలో పెట్టడం దయ కిందికి రాదని నా ఉద్దేశం.

ఇరుకు మేలు అన్నాను కదా అని కుక్కేస్తే అసలుకే మోసం. కుబుసం విడిచిన బొద్దింక కొన్ని గంటలపాటు తెల్లగా, మెత్తగా ఉంటుంది. కిక్కిరిసిన తొట్టిలో ఆ సమయంలో పక్కవాటి నోట్లో పడుతుంది. డూబియాల్లో అయితే చిరిగిన రెక్కలే గుర్తు: పెద్దవాటి రెక్కలు కొరికినట్టు కనిపిస్తే చోటు చాలలేదనో, నీళ్లూ మాంసకృత్తులూ చాలలేదనో అర్థం.

బుస బొద్దింకల్లో చోటుని అసలు నిర్ణయించేది మగవాటి కొట్లాట. మగదానికి మెడ మీద కొమ్ముల్లాంటి రెండు బొడిపెలుంటాయి. వాటిని చూసే ఆడా మగా తేడా పోల్చుకోవచ్చు. బలమైన మగది ఒక రాయినో బెరడునో తనదిగా చేసుకుని నెలల తరబడి కాస్తుంది. ఇంకో మగది వస్తే బుస కొట్టి, కొమ్ములతో కుమ్మి, నెట్టేస్తుంది. మార్గరెట్ నెల్సన్, జీన్ ఫ్రేజర్ 1980లో ఈ బుసల మీద పరిశోధించి, అవి శత్రువుని బెదిరించడానికే కాదు, తమలో తాము మాట్లాడుకోవడానికి కూడా అని చూపించారు. పోట్లాటల్లో చావులు అరుదు, మీసాలు తెగడం ఉంటుంది. ఓడినది కంటికి కనపడకుండా తప్పుకోవడానికి చోటుంటే గొడవ అక్కడితో ఆగుతుంది. కాబట్టి మగవాటి సంఖ్య కంటే ఒకటి రెండు దాగుడు చోట్లు ఎక్కువే ఉండాలి. ఒకదానికొకటి కనిపించకుండా అడ్డుగా బెరడు నిలబెడితే ఇంకా మంచిది.

శుభ్రం చేయడం కూడా తొట్టి కొలతతో ముడిపడిందే. చిన్న తొట్టి త్వరగా మురికవుతుంది, తరచూ కడగాలి. కానీ అన్నీ తీసి తళతళలాడేలా కడిగితే బొద్దింకకి తన ఇల్లు తెలియకుండా పోతుంది. జర్మన్ బొద్దింకల పేగుల్లోని బాక్టీరియా తయారుచేసే కొన్ని ఆమ్లాలు పెంటికల్లో ఉండి, తోటివాటిని ఒకచోటికి పిలుస్తాయని 2015లో అమెరికా పరిశోధకులు కనుక్కున్నారు. కొత్తగా పుట్టిన పిల్లలకి మేలుచేసే బాక్టీరియా దొరికేది కూడా ఆ పెంటికల్లోంచే. అందుకే పాత మట్టిలో గుప్పెడు మళ్లీ కొత్త మట్టిలో కలుపుతారు. మనిషి వైపు నుంచి చూస్తే జాగ్రత్త వేరే ఉంది. పెంటికల ధూళి, విడిచిన కుబుసాలు ఆస్తమాని రేపుతాయి. ఇంట్లో ఆయాసం ఉన్నవాళ్లుంటే ఏ కొలత తొట్టీ వద్దు.

ఇక ఎన్నింటికి ఎంత చోటు? ఎదిగిన బుస బొద్దింక కిందికి చూస్తే సుమారు 20 చదరపు సెంటీమీటర్లు ఆక్రమిస్తుంది. పది గ్యాలన్ల తొట్టిలో, అట్టలూ బెరడూ పెట్టాక, పదీ పన్నెండు పెద్దవి హాయిగా ఉంటాయి. ఇరవై దాకా ఉండగలవు. అయిదారుకి పాతిక లీటర్ల తొట్టి చాలు. ఇది నా తూకం. ఇంతకంటే ఎక్కువ పెట్టేవాళ్లూ ఉన్నారు.

కానీ ఈ లెక్క అంతా తెచ్చిన రోజుది. బుస బొద్దింక గుడ్ల తిత్తిని ఒంట్లోనే దాచుకుని, దాదాపు రెండు నెలలు మోసి, బతికున్న పిల్లల్నే కంటుంది. ఈతకి ముప్పై అనుకుందాం, కొన్నిసార్లు అరవై కూడా. అందులో సగం ఆడవి, పదిహేను. ఆరేడు నెలల్లో వాటికి ఈడొస్తుంది. ఇంకో రెండు నెలలు మోసి తలా ముప్పై కంటే 450. ఒక్క ఆడదాంతో మొదలైన కథ ఏడాది తిరిగేసరికి ఇక్కడికి చేరుతుంది, తల్లి ఆ మధ్యలో కన్న మిగతా ఈతలు కలపకుండానే. అన్నీ బతకవు, నిజమే. సగం పోయినా పది గ్యాలన్ల తొట్టి ఎక్కడ సరిపోతుంది? పైగా ఎదిగిన ఆడదాన్ని కొన్నారంటే అది అప్పటికే కడుపుతో ఉందనే అనుకోవాలి. మిగిలినవాటిని పెరట్లో వదిలేయడం పరిష్కారం కాదు. ఈ మట్టిది కాని జీవిని ఈ మట్టిలో వదలకూడదు. అనుభవమున్న పెంపకందారులు ఎక్కువైనవాటిని ఫ్రీజర్లో పెట్టి ముగిస్తారు. అది చేయగలరా అన్నది కొనేముందే తేల్చుకోవాల్సిన మాట.

చేయలేం అనుకుంటే మగవాటినే తెచ్చుకోండి. సంతానం ఉండదు, బుసలు ఎక్కువ వినిపిస్తాయి, చూడ్డానికీ అవే బాగుంటాయి. నాలుగు మగవి, పది గ్యాలన్ల తొట్టి, ఆరు బెరడు ముక్కలు, అడుగున రెండంగుళాల కొబ్బరి పొట్టు, పైన సన్నజాలీ మూత, అంచుకి వాసెలిన్. ఆడవి కూడా కావాలంటే మొదటి తొట్టి కొనే రోజునే రెండోదానికి ఇంట్లో చోటు చూసుకోండి. ఆ చోటు లేకపోతే ఆడవాటి జోలికి పోకండి.